పునరుత్థానము, తుదితీర్పు

క్రైస్తవులలో శాఖ లెన్ని యున్నను ఒక్క విషయమున వా రేకవాక్యముగా నుందురు. క్రీస్తు మరల వచ్చుననియు, మృతులు లేతురనియు, సజీవులకును మృతులకును ఆయన తీర్పు తీర్చుననియు వారి విశ్వాసప్రమాణములు పలుకుచున్నవి. 381వ సంవత్సరమున కాన్‌స్టాంటినోపిలు నగరమున కూడిన సభ పేర ప్రసిద్ధి కెక్కిన ప్రమాణమును రోమను కథోలికులును, గ్రీకు సంఘమువారును, ఆంగ్లికనులును, లూథరు మార్గమువారును నేటికిని తమ యారాధనలలో పఠించుచున్నారు. మాట యొక్కటియే, అర్థములు మాత్ర మనేకములు. లేచు దేహ మెట్టిది? మరణమునకును తీర్పునకును నడుమ నాత్మ యెచట నుండును? శిక్షకు అంతము కలదా, లేదా? ఈ ప్రశ్నలకు రెండువేల యేండ్లుగా క్రైస్తవులు భిన్నములైన యుత్తరముల నిచ్చుచు వచ్చిరి; ఒకరి నొకరు బహిష్కరించుకొనిరి; ఒక్కొక్కప్పుడు రక్తమును గూడ చిందించిరి.

వీనిలో నేది సత్యమో తేల్చుటకు మేమీ వ్యాసమున పూనుకొనలేదు. అది విశ్వాసమునకు సంబంధించినది. చరిత్రను చదువునపుడు మాకు తోచిన యొక సంగతిని మాత్రము చదువరుల యెదుట నుంచెదము. ఈ సిద్ధాంతములు పండితసభలలో పుట్టినట్లు పైకి కనబడును. కాని వానిని పుట్టించినవియు, పలుమారులు కదలించినవియు, బ్రదికియున్నవారు తమ మృతులను గూర్చి వేసిన ప్రశ్నలే. ఆ ప్రశ్నలలో ముఖ్యమైనవి రెండు. అన్యాయముగా చంపబడిన నా బిడ్డకు న్యాయము కలుగునా యని యడిగిన తల్లి యొకతె. ఏ నేరము నెరుగక మరణించిన నా బిడ్డకు దయ కలుగునా యని యడిగిన తల్లి మరియొకతె. ఈ యిద్దరికిని ఒకే యుత్తర మిచ్చుట యెట్లన్నదే ఈ చరిత్ర యంతయు.

ముందుగా నొక భ్రమను తొలగింపవలెను. మన దేశమున పునర్జన్మ మను మాట చిరపరిచితము. పునరుత్థానము దానికి పేరు మార్పు కాదు. పునర్జన్మమున జీవు డొక దేహమును విడిచి వేరొక దేహమును ధరించును. కర్మఫల మీ లోకముననే మరల మరల ననుభవింపబడును. పునరుత్థానమున నొక మనుష్యుడు ఒక్కమారే జీవించును, ఒక్కమారే మరణించును. యుగాంతమున నాతడే, తన పేరుతోను తన దేహముతోను, లేచి నిలువబడును. కావుననే దేహమును గూర్చిన చర్చ క్రైస్తవులలో నంతగా పెరిగినది.

యూదుల పురాతన గ్రంథములలో నీ విశ్వాసము స్పష్టముగా కానరాదు. మంచివారును చెడ్డవారును మరణానంతరము పాతాళ మను నొక చీకటి నెలవునకు పోవుదురని వారు తలచిరి. క్రీస్తునకు పూర్వము 167వ సంవత్సర ప్రాంతమున సిరియా రాజైన నాలుగవ యంతియొకుడు యూదుల ధర్మమును నిర్మూలింప బూని యెరూషలేము దేవాలయమును అపవిత్రము చేసెను. ధర్మమును విడిచినవారు సుఖముగా నుండిరి. ధర్మమును పట్టుకొన్నవారు చంపబడిరి. ఈ కాలముననే రూపొందినదని పండితు లెంచు దానియేలు గ్రంథపు తుది యధ్యాయమున, మంటిలో నిద్రించువారిలో పలువురు మేల్కొందురనియు, కొందరికి నిత్యజీవమును కొందరికి నిత్యనిందయు కలుగుననియు నున్నది. మక్కబీయుల రెండవ గ్రంథమున నొక తల్లి కథ కలదు. పందిమాంసము తిన నిరాకరించినందుకు ఆమె కుమారు లేడుగురిని ఆమె కన్నులయెదుటనే హింసించి చంపిరి. మూడవవాడు తన చేతులను తానే చాచి, ఇవి దేవు డిచ్చినవి, మరల నాయనవలననే వీనిని పొందుదునని పలికెనట. పునరుత్థాన విశ్వాసము యొక్క మూల మిచ్చట మనకు గోచరించుచున్నది. నరుకబడిన చేతులు మరల రావలె నన్నది తత్త్వవిచారము కాదు. న్యాయమునకై పెట్టిన మొర.

క్రీస్తు కాలమునాటికి యూదు లీ విషయమున రెండు పక్షములైరి. దేవాలయాధికారము గల సద్దూకయ్యులు పునరుత్థానము లేదనిరి, పరిసయ్యులు కలదనిరి. క్రీస్తు సమాధినుండి లేచెనను ప్రకటనతో క్రైస్తవసంఘ మారంభమైనది. సుమారు 55వ సంవత్సరమున పౌలు కొరింథు నగరమందలి సంఘమునకు వ్రాసిన మొదటి లేఖలో, మృతు లేదేహముతో వత్తు రన్న ప్రశ్నకు విత్తనమును దృష్టాంతముగా చూపెను. నాటిన గింజయు మొలచిన పైరును ఒక్కటియే, ఒక్కటి కాదు. అట్లే ప్రకృతిసిద్ధమైన దేహము విత్తబడి ఆత్మసంబంధమైన దేహము లేచు నని యాతని యభిప్రాయము. ఈ యుపమానమే తరువాతి వివాదములకు బీజమైనది. లేచునది యీ రక్తమాంసములేనని కొందరును, వేరొక సూక్ష్మదేహమని కొందరును అదే వాక్యమును ప్రమాణముగా చూపిరి.

మొదటి పక్షమువారి పట్టుదలకు కారణము లేకపోలేదు. 177వ సంవత్సరమున గాలు దేశమందలి లియోను నగరమున క్రైస్తవులను మృగములకు వేసి చంపిరి. పిమ్మట వారి శవములను ఆరు దినములు బయలనుంచి, కాల్చి, ఆ బూడిదను రోను నదిలో కలిపిరి. వీరి కిక పునరుత్థానమున ఆశ యుండరాదన్నది తమ యుద్దేశమని చంపినవారు చెప్పినట్లు ఆ సంఘము వ్రాసిన లేఖ యూసేబియసు చరిత్రలో నిలిచియున్నది. అట్టి కాలమున, మూడవ శతాబ్ద్యారంభమున, కార్తేజి నగరవాసి తెర్తుల్లియను ఈ మాంసమే లేచునని గట్టిగా వాదించెను. బూడిదను నదిలో కలిపినవాని కది ప్రత్యుత్తరము.

రెండవ పక్షమునకు అలెగ్జాండ్రియా పండితుడైన ఓరిజెను నాయకుడు. దేహము అనుదినము మారుచునే యున్నది గదా, ఏ దినపు దేహము లేచునని యాతడు ప్రశ్నించెను. దేహమును నడపు రూపమే నిలుచుననియు, అది యాత్మలోకమునకు తగినట్లు మారుననియు నాతడు తలచెను. తీర్పును గూర్చి యాతడు మరియొక యడుగు ముందునకు వైచెను. దేవుని శిక్ష వైద్యుని చికిత్స వంటిదనియు, తుదకు సమస్తమును దేవునియందు బాగుపడుననియు నాతడు బోధించెను. ఇంత కరుణ పలికిన యీతడు సుఖజీవి కాడు. 250వ సంవత్సరమున ఆరంభమైన డేషియసు చక్రవర్తి హింసలలో చెరసాల పాలై చిత్రవధల ననుభవించి, కొన్ని యేండ్లకే మరణించెను. అతనికి దండన చనిపోయిన మూడు శతాబ్దములకు కలిగినది. 543వ సంవత్సరమున జస్టీనియను చక్రవర్తి శాసనమువలనను, 553వ సంవత్సరపు కాన్‌స్టాంటినోపిలు సభ నాటి ఖండనలవలనను ఆతని మతము నిషిద్ధమయ్యెను.

అయినను అదే యాశను మరియొక మహనీయురాలి ముఖమున పలికించిన గ్రంథము నిషేధింపబడలేదు. నిస్సా పట్టణపు బిషప్పగు గ్రెగొరీ తన యన్న బాసిలు మరణించిన దుఃఖముతో అక్కయగు మక్రీనా కడకు పోయెను. 379వ సంవత్సర ప్రాంతమున ఆమెయు మరణశయ్యపై నుండెను. వారిరువురి సంభాషణముగా నాతడు వ్రాసిన గ్రంథమునకు ‘ఆత్మయు పునరుత్థానమును’ అని పేరు. అందు బిషప్పు శిష్యుడు, అక్క గురువు. బురద గట్టిన త్రాటిని సన్నని రంధ్రముగుండ లాగినపుడు బురద రాలిపోవును గాని త్రాటికి ఒరిపిడి తప్పదు. దేవుడు మనుష్యుని తనవైపునకు లాగుకొనునపుడు కలుగు బాధయు నట్టిదే యని యామె బోధించును. బాధించుట ఉద్దేశము కాదు. చెడుగు వదలుటలో బాధ కలుగుచున్నది. ఈ మాట వ్రాసిన గ్రెగొరీ ప్రాచ్య పాశ్చాత్య సంఘములు రెండింటను నేటికిని పరిశుద్ధుడుగా నెన్నబడుచున్నాడు.

పాశ్చాత్యసంఘము నడచిన త్రోవను నిర్ణయించినవాడు అగస్తీను. ఆతడు 426వ సంవత్సరమున ముగించిన ‘దేవుని పట్టణము’ అను మహాగ్రంథపు తుది భాగములలో ఈ విషయములన్నియు చర్చించెను. ప్రకటన గ్రంథము చెప్పు వేయి యేండ్ల రాజ్యము రాబోవునది కాదు, సంఘముయొక్క యిప్పటి కాలమే యని వ్యాఖ్యానించెను. స్త్రీలు పునరుత్థానమున పురుషులుగా లేతురని చెప్పువారిని ఖండించి, స్త్రీత్వము దోషము కాదు, స్వభావము గనుక స్త్రీలు స్త్రీలుగానే లేతురనెను. ఈ మాట నాటి లోకమున చెప్పదగినదే. కాని శిక్షకు అంతము కలదని కరుణతో తలచువారిని ఆతడు వరుసగా నిరాకరించెను. పుణ్యుల జీవమునకు అంతము లేనియెడల పాపుల శిక్షకును లేదని యాతని తర్కము. ఆ తర్కముననుసరించి, జ్ఞానస్నానము పొందకుండ మరణించిన శిశువులును ఆదిపాపమువలన శిక్షకు లోనగుదురనియు, అయితే వారి శిక్ష మిగుల మృదువైనదనియు చెప్పవలసి వచ్చెను.

ఆ ‘మిగుల మృదువైన’ అను విశేషణమువలన తల్లుల దుఃఖము మృదువు కాలేదు. మధ్యయుగపు పండితులు ఆ శిశువులకై లింబో యను ఒక యంచులోకమును కల్పించిరి. అందు బాధ లేదు, దైవదర్శనమును లేదు. అట్టి బిడ్డలను సంఘపు శ్మశానమున పూడ్చనీయరైరి. స్విట్జర్లాండులోని బెర్ను నగరమునకు సమీపమున ఒబెర్‌బ్యూరెను అను క్షేత్రము పదునైదవ శతాబ్దమున ఇందులకే ప్రసిద్ధమాయెను. చనిపోయి పుట్టిన శిశువులను అచటికి తెచ్చి, దీపములనడుమ వెచ్చచేసి, పెదవులపై నొక యీకను ఉంచెడివారు. ఈక కదలినచో ప్రాణము వచ్చెనని తత్‌క్షణమే జ్ఞానస్నాన మిచ్చి, పవిత్రభూమిలో పూడ్చెడివారు. ఇది మోసమని 1486వ సంవత్సరమున కాన్‌స్టాన్సు బిషప్పు రోమునకు ఫిర్యాదు చేసెను. 1528వ సంవత్సరమున సంస్కరణోద్యమమువారు ఆ క్షేత్రమును కూల్చిరి. 1990వ దశకమున త్రవ్వినపుడు అచట శిశువుల యెముకలు గుంపులుగా బయటపడినవి. అది మూఢవిశ్వాసమని త్రోసివేయుట సులభము. కాని సిద్ధాంతము తలుపు మూసినచోట తల్లి యొక కిటికీ వెదకుకొన్నదని మాకు తోచుచున్నది.

పెద్దవారి విషయమున మధ్యయుగము ఒక మధ్యమార్గమును కనుగొనెను. నరకమునకు తగనివాడును, మోక్షమునకు సిద్ధపడనివాడును అగు సామాన్యుని గతి యేమి? అతడు ‘ఉత్తరించు స్థలము’న కొంతకాలము శుద్ధి పొందునని 1274వ సంవత్సరపు లియోను సభయు, 1439వ సంవత్సరపు ఫ్లోరెన్సు సభయు పలికినవి. గ్రీకు సంఘమువారు మృతులకొరకు ప్రార్థింతురు గాని, శుద్ధిచేయు అగ్నిని అంగీకరింపరైరి; ఎఫెసు నగరాచార్యుడగు మార్కు ఫ్లోరెన్సు సంధిపత్రముపై చేవ్రాలు చేయలేదు. రోమను సంఘమునందే పోపులకు గూడ ఈ విషయమున తడబాటు కలిగెను. తుదితీర్పు జరుగువరకు పుణ్యాత్ములకు సంపూర్ణ దైవదర్శనము లేదని ఇరువదిరెండవ యోహాను 1331వ సంవత్సరమున అవిన్యోనులో ఉపన్యసించి, గొప్ప అలజడి లేపి, 1334వ సంవత్సరమున మరణశయ్యపై ఆ మాటను ఉపసంహరించుకొనెను. ఆతని తరువాతివాడగు పండ్రెండవ బెనెడిక్టు 1336వ సంవత్సరమున దర్శనము మరణానంతరమే కలుగునని శాసించెను.

ఉత్తరించు స్థలమునం దొక యూరట కలదు: బ్రదికియున్నవారు మృతులకు సాయపడగలరు. ఆ యూరటయే వర్తకమునకును దారి తీసెను. పాపశిక్షను తగ్గించు పరిహారపత్రములు ఆ మృతులకును వర్తించునని నాల్గవ సిక్‌స్టసు పోపు 1476వ సంవత్సరమున ప్రకటించెను. రోములో పేతురు దేవాలయ నిర్మాణమునకై జర్మనీలో నా పత్రములు విక్రయింపబడుచుండగా, 1517వ సంవత్సరమున మార్టిను లూథరు తన తొంబదియైదు ప్రతిపాదనలను వెలువరించెను. పోపునకు ఆత్మలను విడిపించు శక్తి యున్నచో, ధనము కొరకు గాక ప్రేమచేతనే యందరిని ఏల విడిపింపడని సామాన్యజనులు ప్రశ్నించుచున్నారని యాతడు వానిలో వ్రాసెను. ఇచటను ప్రశ్న ఇంటింట పుట్టినదే.

సంస్కరణవాదులు ఉత్తరించు స్థలమును తీసివేసిరి గాని వారిలో వారికి పొత్తు కుదరలేదు. మృతులు తీర్పుదినమువరకు నిద్రింతురని లూథరు పలుచోట్ల వ్రాసెను. ఆత్మ నిద్రింపదని కాల్విను 1534వ సంవత్సరమున నొక గ్రంథమునే రచించెను. వేయి యేండ్ల రాజ్యమును తామే స్థాపింతుమని 1534వ సంవత్సరమున మున్‌స్టరు నగరము నాక్రమించిన యానబాప్తిస్టుల ప్రయత్నము మరుసటి యేట రక్తపాతముతో ముగిసెను. ఉత్తరించు స్థలము పోయినందున మరియొక చిక్కు కలిగెను. స్వర్గము, నరకము అను రెండే మిగిలినవి. మధ్యస్థుడగు సామాన్యునికి నడుమ చోటు లేకపోయెను.

ఈ చిక్కు ఇతర దేశములకు పోయిన బోధకులకు మిక్కుటముగా తగిలెను. 1549వ సంవత్సరమున జపానులో దిగిన ఫ్రాన్సిసు జేవియరు 1552వ సంవత్సరమున మన కొచ్చినుండి వ్రాసిన లేఖలో నొక సంగతి కలదు. క్రొత్తగా విశ్వసించిన జపానీయులు, నరకమున నున్న మా తలిదండ్రులకును పూర్వులకును ఏ యుపాయమును లేదా యని యడిగిరట. లేదని యాతడు చెప్పగా వా రేడ్చిరట. వారి దుఃఖమును చూచి తనకును దుఃఖము కలిగెనని యాతడు దాచక వ్రాసెను. మూడు శతాబ్దములకు పిమ్మట, దక్షిణాఫ్రికాలో జూలూ ప్రజలనడుమ పనిచేసిన నెటాలు బిషప్పు కొలెన్సో 1861వ సంవత్సరమున ప్రకటించిన వ్యాఖ్యానమున అనంతశిక్షను నిరాకరించెను. 1863వ సంవత్సరమున కేపుటౌనులో ఆతనిపై జరిగిన విచారణలో నిదియు నొక యభియోగమయ్యెను.

ఇంగ్లండులోనే యప్పటికి కలత పుట్టియుండెను. నిత్యత్వ మనగా అంతులేని కాలము కాదు, దేవునితోడి సంబంధముయొక్క గుణమని వ్రాసినందుకు ఎఫ్‌.డి. మారిసు 1853వ సంవత్సరమున లండను కింగ్సు కాలేజిలో తన యుద్యోగమును కోల్పోయెను. అందరును తుదకు బాగుపడుదురని యాశించుట ఆంగ్లికను గురువునకు నేరము కాదని 1864వ సంవత్సరమున ప్రివీకౌన్సిలు తీర్పు చెప్పెను. దానికి ప్రతిగా దాదాపు 11,000 మంది గురువులు అనంతశిక్షను బలపరచుచు నొక ప్రకటనపై చేవ్రాళ్లు చేసిరి. అమెరికాలో విలియము మిల్లరు లెక్కలను నమ్మినవారు 1844 అక్టోబరు 22వ తేదిని క్రీస్తు రాకకై వేచియుండి నిరాశ చెందిరి. వారినుండి వెలసి 1863వ సంవత్సరమున సంఘముగా నేర్పడిన సెవెంతుడే అడ్వెంటిస్టులు, మృతులు నిద్రింతురనియు, దుష్టులు అనంతముగా బాధింపబడక నశించిపోవుదురనియు చెప్పుచున్నారు.

దేహమును గూర్చిన చర్చయు నిట్లే నడచెను. శవదహనమును రోమను సంఘము 1886వ సంవత్సరమున నిషేధించి, 1963వ సంవత్సరమున అనుమతించెను; దహన మాత్మకు గాని పునరుత్థానమునకు గాని అడ్డు కాదని యంగీకరించెను. అనగా లియోను హంతకుల బూడిద దేవునికి ఆటంకము కాజాలదని స్పష్టముగా చెప్పుటకు పదునెనిమిది శతాబ్దములు పట్టినది. శిశువుల సంగతియు నట్లే. రోమునందలి అంతర్జాతీయ వేదశాస్త్ర సంఘము 2007వ సంవత్సరమున నొక పత్రమును ప్రకటించి, జ్ఞానస్నానము లేక మరణించిన శిశువులు రక్షింపబడుదురని ఆశించుటకు బలమైన కారణములు కలవనెను. నిశ్చయమని చెప్పలేదు, ఆశ యని చెప్పెను. ఒబెర్‌బ్యూరెను తల్లి ఈకవైపు చూచుచు కోరినదియు నింతియే.

ఇరువదవ శతాబ్దమున చర్చ క్రొత్త తెరువు పట్టెను. క్రీస్తు లోకాంతము సమీపమున నున్నదని నమ్మి బోధించెనని ఆల్బర్టు ష్వైట్జరు 1906వ సంవత్సరమున వాదించెను. ఆ రాజ్యము క్రీస్తు రాకతోనే వచ్చియున్నదని సి.హెచ్‌. డాడు 1935వ సంవత్సరమున బదులు చెప్పెను. తీర్పు ఎప్పుడో రాబోవు దినము కాదు, మనుష్యుడు నిర్ణయము చేసికొను ప్రతి ఘడియయు నదియే యని బుల్ట్‌మను బోధించెను. ఈ బోధ చదువుకొన్నవారికి రుచించినది. కాని రెండవ ప్రపంచయుద్ధమున బందీయై యుండి వచ్చిన యూర్గెను మోల్ట్‌మను 1964వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున పునరుత్థానమును రాబోవు కాలపు ఆశగా మరల నిలువబెట్టెను. తీర్పు ఈ ఘడియయే యైనచో, ఘడియలే మిగులక చంపబడినవారి సంగతి యేమి? మక్కబీయుల తల్లి ప్రశ్న మరల వినవచ్చినది.

ఇంతవరకు చెప్పినదానినుండి తేలిన దేమి? అనంతశిక్షను పట్టుకొన్నవారందరును క్రూరులు కారు. చంపబడినవానికిని చంపినవానికిని ఒకే గతి యనుట అన్యాయమని వారి భయము. అందరును బాగుపడుదు రన్నవారు పాపమును తేలికగా నెంచలేదు. ఓరిజెను చెరసాలయే అందులకు సాక్ష్యము. ఒక పక్షము మొదటి తల్లి వంకను, మరియొక పక్షము రెండవ తల్లి వంకను నిలిచియున్నవి. ఎవరి సిద్ధాంతమైనను ఈ యిద్దరిలో నొకతె మొగమును చూడనొల్లనపుడే చెడినది. భయమును పెంచి ధనము గూర్చుకొన్నప్పుడు పరిహారపత్రము వెలసెను. తర్కము చెడకుండుటకై శిశువును బలి యిచ్చినప్పుడు ఈక యవసరమాయెను.

దండన యెందుల కన్న ప్రశ్న మతమునకే పరిమితమైనది కాదు. బిడ్డ తప్పు చేసినపుడు తండ్రికిని, నేరస్థుడు ఎదుట నిలిచినపుడు న్యాయాధిపతికిని అదే ప్రశ్న కలుగును. నొప్పించుటకా, మార్చుటకా, నొచ్చినవానికి న్యాయము చేయుటకా? దేవుని న్యాయ మెట్టిదని జనులు తలతురో, తమ యిండ్లలోను చెరసాలలలోను అట్టి న్యాయమునే వారు నడపుదురు. కావున ఈ వివాదములు తమవి కావని యితరమతస్థులు ఉపేక్షింపరాదు.

మత్తయి సువార్త ఇరువదియైదవ యధ్యాయమున తుదితీర్పు వర్ణింపబడినది. అచట నిలిచినవారిని లేచు దేహ మెట్టిదనియు, వేయి యేండ్లెప్పుడనియు ఎవ్వరును ప్రశ్నింపరు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టితివా, దిగంబరునికి వస్త్ర మిచ్చితివా, రోగిని, చెరలో నున్నవానిని చూడబోయితివా యన్నదే విచారణ. మెచ్చుకోలు పొందినవారును, నింద పొందినవారును, అది యెప్పుడు జరిగెనని ఆశ్చర్యపడుదురు. ఏ శాఖవారును ఈ యధ్యాయమును తమ గ్రంథమునుండి తీసివేయలేదు. వారు దీనిపై వ్రాసిన భాష్యములు తక్కినవానికన్న తక్కువయైనను, ఆచరణమునకు భాష్య మక్కరలేని భాగ మిదియేయని చదువరులు గ్రహింతురు గాక.